గోల్కొండ గెలిచిన సాయంత్రం

ఆ రోజుల్లో సినిమా అంటే చూసేదే కాదు, పక్కన ఒకడు నిలబడి చెబుతుంటే వినేది కూడా. సిద్దిపేట సంత జాగాలో వేసిన డేరా టాకీసులో అలా చెప్పే ఉద్యోగం నాది. తెర పక్కన బల్ల ఎక్కి, రేకు గొట్టం నోటికి ఆనించుకుని, బొమ్మలో వినబడే ఉర్దూ మాటలను తెలుగులో అరిచేవాణ్ణి. (నాకొచ్చిన ఉర్దూ దవాఖానలో మందు అడగడానికి సరిపోయేది. మిగతాదంతా ధైర్యం.)

ఒకసారి గోల్కొండ ముట్టడి మీద తీసిన సినిమా వచ్చింది. మొదటిరోజు ఉన్నదున్నట్టు చెప్పాను. ఢిల్లీ ఫౌజు నెలల తరబడి కోట చుట్టూ కూర్చుంది, లోపలివాడొకడు ద్రోహం చేసి తలుపు తీశాడు, కోట పోయింది. మన కోట ఎట్లా పోతుందని నేత పనివాళ్ళంతా లేచి చెప్పులు విసిరారు. తెర చిరిగింది. డేరా యజమాని దాన్ని కుట్టిస్తూ, రేపు కూడా ఇదే జరిగితే నువ్వు ఇంటికి పో అన్నాడు. ఇంటికి పోతే బాపు నన్ను మళ్ళీ మగ్గం గుంటలో కూర్చోబెడతాడు. ఆ తలపుకే నాకు అన్నం సహించలేదు.

మర్నాడు నిన్నటివాళ్ళే చుట్టాలను కూడా వెంటేసుకుని వచ్చారు. తెరమీద కోట తలుపు కనిపించేసరికి గొట్టం కిందికి దించాను. అప్పుడు గమనించాను, రెండు ఫౌజులవీ ఒకే గడ్డాలు, ఒకే తలపాగాలు. (సినిమావాళ్ళు ఆ మనుషులనే అటూ ఇటూ వాడుకున్నట్టున్నారు.) తలుపు తెరుచుకుంది. గొట్టం ఎత్తాను.

"భయపడకున్రి. వచ్చేటోళ్ళు మనోళ్ళే. సాయానికి వస్తున్రు."

ముందు వరసలోంచి ఒక ముసలి నేతగాడు లేచాడు. "నిన్న గా తలుపు తీసినోడు ద్రోహి అంటివి గదరా?"

"నిన్న ఓడినం గద తాతా. ఇయ్యాల గూడ ఓడాల్నా?"

తాత తెరవంక చూశాడు, నావంక చూశాడు. "అద్దు" అని కూర్చున్నాడు.

ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. బందీగా పోతున్న సుల్తానును గెలుపు ఊరేగింపులో నడిపించాను. ఆడవాళ్ళు కొప్పుల్లోని బంతిపూలు తీసి తెరమీదికి విసిరారు. ఉర్దూ బాగా వచ్చిన, సర్కారు కచేరీలో రాతకోతలు చూసే మున్షీ ఒక్కడే ఏదో అనబోయి, చుట్టూ చూసి, తనూ చప్పట్లు కొట్టాడు. ఆట అయ్యాక నన్ను భుజాలకెత్తుకుని బజారంతా తిప్పారు. యజమాని వెనకాలే నడుస్తూ, ఇతను మా మనిషేనని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. తర్వాత గజ్వేల్‌లో డేరా వేయకముందే కబురొచ్చింది, సిద్దిపేటలో గెలిచారట కదా, మా దగ్గర కూడా గెలవాలని. అక్కడా గెలిచాం.

ముసలితనంలో గోల్కొండ చూడటానికి పోయాను. గైడు ఆ తలుపు చూపించి జరిగింది జరిగినట్టు చెప్పాడు. అందరూ తలూపి ముందుకు నడిచారు, ఎవరికీ కోపం రాలేదు. గైడును పక్కకు జరిపి నాలుగు మాటలు చెబుదామని నాలుక దురద పెట్టింది కానీ, పెద్దరికం అడ్డొచ్చింది. సిద్దిపేటలో బల్ల ఎక్కి ఒక్క మాటతో కోటను నిలబెట్టిన ఆ పడుచువాడు నన్ను చూస్తే పకపకా నవ్వేవాడు. వాడి తరఫున నేనే నవ్వుకుని, మెల్లగా మెట్లు దిగాను.