అత్తను అడగని పంపకం

నోరు ఊరుకోదు కాబట్టి, రిటైరయ్యాక కూడా మా వీధిలోని ఇద్దరు ఆడపిల్లలకు సాయంత్రాలు చరిత్ర చెబుతున్నాను. పోయిన సంవత్సరం ఒకరోజు, ఐరోపా దేశాలు ఆఫ్రికాను పంచుకున్న పాఠం వచ్చింది. నాకు చాలా ఇష్టమైన పాఠం. తిట్టడానికి అందులో బోలెడంత ఉంటుంది, తిట్టినా ఎవరూ అడ్డురారు.

బెర్లిన్‌లో దొరలంతా బల్ల చుట్టూ చేరి, ఎవరు ఎక్కడ పాగా వేయవచ్చో కట్టుబాట్లు రాసుకున్నారని చెప్పాను. ఆ తర్వాత ఏళ్ళలో పటం మీద స్కేలు పెట్టి గీతలు గీశారని, ఒకే జాతి జనం గీతకు ఇటు కొందరు, అటు కొందరు అయిపోయారని చెబుతూ ఆవేశంలో బల్ల గుద్దాను.

గోడవారగా మా మేనత్త అనపకాయలు ఒలుస్తోంది. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే మా నాన్న ఇంటికి తీసుకొచ్చాడు. నన్నూ తమ్ముణ్ణీ చంకనెత్తుకుని పెంచిన మనిషి. ఎనభైకి దగ్గర పడింది.

"పంచేటప్పుడు ఆ దేశమోళ్ళు ఏమన్నారప్పా?" అని అడిగింది.

"వాళ్ళను పిలిస్తే కదత్తా!"

"పిలవలేదా? అడక్కుండానే గీసేసినారా? పాపం," అని మళ్ళీ కాయల్లో పడిపోయింది.

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సరిగ్గా రెండు వారాల ముందు నేనూ, ఐటీ ఆఫీసులుండే మహదేవపురలో ఉద్యోగం చేసే తమ్ముడూ మా ఇల్లు పంచుకున్నాం. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ముందు ఏరుకోవాలి. మా ఇళ్ళలో పద్ధతి ఇది. అందుకని నేనే స్కేలు పెట్టి ఇంటి ప్లాను నడిమధ్య గీత గీశాను. వీధి వైపు సగం వాడు ఏరుకున్నాడు. మాట తేడా లేకుండా అరగంటలో తేలిపోయిందని ఇద్దరం పొంగిపోయాం. గీత అత్త పడుకునే గది మీదుగా పోయింది. దానికీ ఉపాయం ఆలోచించాం. అత్త ఆరు నెలలు నా దగ్గర, ఆరు నెలలు వాడి దగ్గర. ఆమె అప్పుడు పక్క గదిలోనే ఉంది.

గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. సిగ్గేసి ఆ రోజు పాఠం సగంలో ఆపేశాను.

ఆదివారం తమ్ముణ్ణి పిలిపించి, అత్తను కుర్చీలో కూర్చోబెట్టి, "నీకేం కావాలత్తా?" అని అడిగాను. కొంగు సర్దుకుంది.

"నన్ను అటూ ఇటూ మార్చద్దండప్పా. ఆ వీధి గది నాకిడిసిపెట్టండి. పూలామెతో రెండు మాటలు, గుడికి పోయేవాళ్ళతో రెండు మాటలు. అంతే చాలు నాకు."

వీధి గది తమ్ముడి వాటాలోది. ఇంటి నుంచి పనిచేసే రోజుల కోసం అక్కడ ఆఫీసు గది చేసుకోవాలని వాడి ఆశ. ఏరుకున్నది వెనక్కి అడగడం మా పద్ధతిలో లేదు. వాడు కాదంటే అత్త ముఖం ఎలా చూడాలా అనుకున్నాను. వాడు ప్లాను తన ముందుకు లాక్కున్నాడు. రబ్బరు తీసుకుని గీతను తనే చెరిపాడు.

"మొదట్లోనే అడగాల్సింది గదన్నా మనం," అన్నాడు.

బదులుగా వాడికి నా వాటాలోని వెనక వరండా ఇచ్చాను. దాంతో వాటాల మధ్య కట్టిన గోడ రెండు చోట్ల వంకర తిరిగింది. ఇలాంటి గోడ తన సర్వీసులో కట్టలేదని మేస్త్రి సణిగాడు. సణగనీ. నాకు ఆ వంకర గోడ చూస్తే కడుపు నిండినట్టు ఉంటుంది.

వీధి గదికి కొత్త తలుపు బిగించిన మధ్యాహ్నం వెళ్ళి చూస్తే లోపల గడియ పెట్టి ఉంది. ఇన్నేళ్ళలో ఆమె పగటిపూట తలుపు వేసుకోవడం నేను చూడలేదు. భయపడి తట్టాను.

"అత్తా, ఒళ్ళు బాగుండాదా?"

"బాగుండాను లేప్పా. గడియ ఏసుకొని చూస్తా ఉండా. ఎవురన్నా తడితే తీయాలా వద్దా అని నేనే అనుకోవచ్చు గదా." లోపల చిన్నగా నవ్వు వినబడింది. "ఇప్పుడు తీయను. పో."