మా తాత తెచ్చిన సీసా

నా చిన్నప్పుడు గద్వాలలో మా మగ్గాల వీధి మొత్తం పక్కింటి అన్నను చూసి మురిసిపోయేది. ఆయన బాస్కెట్‌బాల్ ఆడేవాడు. హైస్కూలు మైదానంలో ఏ మూల నుంచి విసిరినా బంతి రింగులోంచే జారేది. ఆ ఆట రూల్సు మా వీధిలో ఒక్కరికీ తెలియవు. అయినా అన్న ఆడుతున్నాడంటే మగ్గాలు ఆపి మరీ పోయేవాళ్ళు. నేనూ మా తాత వేలు పట్టుకుని పోయేదాన్ని.

గెలిచిన ప్రతిసారీ ఆయన్ను భుజాల మీద ఎత్తుకుని కల్లు దుకాణానికి తీసుకుపోయేవారు. అది చెట్టు నుంచి దింపిన కల్లు కాదు. తొట్టిలో నీళ్ళు, చక్కెర, మత్తు పొడి కలిపి సీసాల్లో అమ్మే మందు కల్లు. అలవాటైతే మానలేరనీ, మానితే చేతులు వణికి మనిషి పిచ్చివాడిలా అవుతాడనీ అందరికీ తెలుసు. తెలిసే పోసేవారు. నేను పోయించానంటే నేను పోయించానని గొప్పలు కూడా చెప్పుకునేవారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రాష్ట్ర జట్టుకు ఎంపికలు పాలమూరులో జరుగుతాయని కబురొచ్చింది. నెగ్గితే ఉద్యోగానికి కూడా దారి దొరుకుతుందని పీటీ సారు చెప్పారు. తల్లిదండ్రులు పోయిన ఆ ఇంట్లో అన్న, ఆయన అక్క, ఇద్దరే ఉండేవారు. అక్క నేసిన చీరలతోనే ఇల్లు గడిచేది. ఆమె ఏడ్చి చెబితే అన్న కల్లు మానేశాడు.

ఎంపికలకు ముందురోజు పొద్దున ఆయన మగ్గం పక్కనే పడి గిలగిలా కొట్టుకున్నాడు. నోట్లోంచి నురగ వచ్చింది. కాళ్ళు తగిలి సగం నేసిన చీర చిరిగింది. కాసేపటికి కళ్ళు తెరిచాడు గానీ వణుకు ఆగలేదు, ఎవరినీ గుర్తుపట్టలేదు.

“దవాఖానకు తీస్కపోదాం, ఎవరన్న రిక్షా పిలువుండ్రి” అని అక్క బతిమాలింది. గుమ్మం నిండా మగవాళ్ళున్నారు. ఒక్కడూ కదలలేదు. దవాఖానలో పండబెడితే రేపటి ఆట సంగతేమిటని ఒకరు, వీధి పరువేం కావాలని ఇంకొకరు. మా తాత మాత్రం బయటికి నడిచాడు. రిక్షా కోసమే పోయాడనుకున్నాను. కండువా కింద సీసా పెట్టుకుని వచ్చాడు.

మా తాత జన్మలో చుక్క ముట్టని మనిషి. అన్న తల ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లకు పాలు పట్టినట్టు పట్టాడు. “జర తాగు బిడ్డా, అంత సర్దుకుంటది” అన్నాడు. సర్దుకుంది కూడా. వణుకు ఆగి అన్న లేచి కూర్చున్నాడు. అందరూ మా తాతను మెచ్చుకున్నారు. అక్క గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

మర్నాడు తాతతో పాటు నేనూ ఎక్కిన పాలమూరు బస్సులో వీధివాళ్ళు అన్నకు ఇంకో సీసా పట్టారు. మైదానంలో బంతి అందుకోబోయి అన్న మోకాళ్ళ మీద పడ్డాడు. ఎవరో నవ్వితే తనూ నవ్వాడు. ఆ తర్వాత బంతిని పొట్ట కింద పెట్టుకుని, ఆట మధ్యలో, అక్కడే నిద్రపోయాడు. చొంగ కారుతోంది. నిక్కరు తడిసిపోయింది. నిన్నటి దాకా వీధి పరువు అన్నవాళ్ళు ఆయనెవరో తెలియనట్టు గేటు వైపు జారుకున్నారు. ఎత్తి కూర్చోబెట్టడానికి మా తాత, పీటీ సారు మిగిలారు.

ఇంటికి చేర్చాక మా తాత నిట్టూర్చి, “వాని రాత గట్లుంది బిడ్డా” అన్నాడు.

అక్క గొంతు పెంచలేదు. “నువ్వు తాగవు గద తాతా. మీ ఇంట్ల ఎవ్వరినీ తాగనియ్యవు. మరి మా తమ్మునికెందుకు తెచ్చినవ్?” అని అడిగింది.

మా తాత కండువా దులుపుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ సాయంత్రం రోజూలాగే అన్నం కలిపి నా నోటికి ముద్ద అందించాడు. ముందురోజు సీసా పట్టింది ఆ చేత్తోనే. తినకుండా లేచిపోయాను.

అన్న మళ్ళీ ఆటకు పోలేదు. దుకాణంలో ఖాళీ సీసాలు కడుగుతూ, కూలికి బదులు కల్లు తాగుతూ బతికాడు. తాగినవాళ్ళు ఎదురుగా బుట్ట పెట్టి, రాయి విసిరి అందులో వేస్తే సీసా ఇస్తామని ఆడించేవారు. ఆ వేళ్ళ గురి చాలా ఏళ్ళ దాకా పోలేదు. ఆ గురితో ఆయన్ను ఆడించడమే నాకు మరీ అసహ్యమనిపించేది. చివరికి ఆయన పోయిన రోజున కూడా, ఎంత ఆటగాడో అని పొగుడుతూ ఆ వీధి కల్లే తాగింది.

మా తాత చెడ్డవాడై ఉంటే ఈ సంగతి ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఇప్పుడు నేనూ మనవలున్నదాన్ని. కష్టంలో ఉన్నవాళ్ళ దగ్గరికి ఎవరైనా ప్రేమగా వస్తుంటే, ముందు వాళ్ళ చేతిలో ఏముందో చూస్తాను. ఆ సీసా పట్టేటప్పుడు మా తాత ముఖంలో ఉన్నంత ప్రేమ నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.