ఏటిదిబ్బ

మొన్న పొద్దున్న పేపరు తిరగేస్తుంటే, వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్న ఏటిదిబ్బ మీద మత్స్యకారులకు కొత్త కాలనీ కడతారన్న వార్త కనబడితే, ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను. ఆ దిబ్బకు ఆ పేరు పెట్టిన మహానుభావుణ్ణి నేనే.

సర్వే శాఖలో కొత్తగా చేరి, కృష్ణా జిల్లా నుంచి శ్రీకాకుళం వచ్చిపడిన రోజులవి. గొలుసులూ జెండాలూ మోసుకుంటూ మోకాటిలోతు బురదలో తిరిగి పటాలు గీసేవాళ్ళమని మన ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు. అక్కడి చిత్తడి లంకను కొలుస్తూ, దాని చివర పచ్చగా, ఎత్తుగా కనబడుతున్న చోటును పడవలోంచే చూపించి, ఆ దిబ్బ పేరేమిటని పడవ నడిపే తాతను అడిగాను. ఆయన నోట్లో చుట్ట తీసి, "ఏటి దిబ్బ?" అన్నాడు. మా వైపు ఏటి అంటే ఏరుకు చెందినది, ఆ వైపు ఏటి అంటే ఏమిటి అని. ఆయన నన్ను ప్రశ్న అడిగితే నేను జవాబనుకుని, దిగి చూడకుండానే గట్టినేల గుర్తు వేసి, ఏటిదిబ్బ అని సిరాతో రాసేశాను. పటం పైఆఫీసుకు వెళ్ళిపోయింది.

మరుసటి నెల అక్కడ సర్వే రాయి పాతమన్నారు. రాయి భుజాన పెట్టుకుని ముందు దిగిన, కొలత గొలుసు లాగే మా చైన్‌మాన్ నాలుగడుగులు వేశాడో లేదో, నడుము దాకా కూరుకుపోయాడు. తాత తెడ్డు అందించి లాగుతూనే నా మీద విరుచుకుపడ్డాడు, "ఏటి దిబ్బ అని నానడగనేదేటి బాబూ! దిబ్బ నేదు, గిబ్బ నేదు, అదంతా ఊబి!" మనిషి దక్కాడు గానీ, రాయి మా కళ్ళముందే బుడగలు వేస్తూ మునిగిపోయింది. నిజం చెబితే కొత్త ఉద్యోగం ఊడుతుందని హడలిపోయి, రాయి పాతడమైనదని రాసి సంతకం పెట్టాను. ఛీ, ఎంత పిరికివాణ్ణి!

పేపరు పట్టుకుని సర్వే ఆఫీసుకు పరుగెత్తి, అది దిబ్బ కాదు ఊబి అని చెబితే, అక్కడి అధికారి మర్యాదగానే కూర్చోబెట్టి, పటంలో గట్టినేలే ఉందనీ, రాయి కూడా పాతారనీ నా సంతకం నాకే చూపించాడు. ఉండబట్టలేక వంశధార రేవుకు వెళ్ళాను. ఇటుకల పడవలు అప్పటికే అటు పోతున్నాయి. ఇల్లు మంజూరైన ఒకావిడకు జరిగిందంతా చెబితే, ఫక్కున నవ్వి, "సర్కారు పటం అబద్దమాడతాదేటి బాబూ? గృహప్రవేశానికి తప్పకుండా రండి," అంది.

ఆ రోజుల్లో ఆ రేవులో ఎవరూ మా కాగితాన్ని లెక్కచేసేవారు కారు, కాలితో తొక్కి చూస్తేగాని నేలను నేల అనేవారు కారు, అది చూసి మాకు ఒళ్ళు మండేది. ఆ ముసలివాళ్ళంతా పోయారు. వాళ్ళ మనవలు పటాన్ని నమ్మడం నేర్చుకున్నారు, అదీ నేను గీసిన పటాన్ని.