సంచికి కుట్టిన గుండీలు

కొన్నేళ్ళుగా దీన్ని మోస్తున్నాను. బరువు అనవచ్చు. కానీ ఆ మాట మరీ మర్యాదగా ఉంది. బరువులు మంచివాళ్ళు కూడా మోస్తారు. నాది వాసన. మూత పెట్టి మరిచిపోయిన గిన్నెలోంచి వచ్చే వాసన. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీకు నా పేరు తెలియదు. అదీ పిరికితనమే. తెలుసు.

నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. గ్యాస్ బండ ఏ రోజు మారిందో, పాలవాడు ఏ పూట రాలేదో క్యాలెండరు గడుల్లో రాసుకునే మనిషిని. లెక్క తప్పిన పిల్లలు ఆ కాగితం చింపేస్తే ఊరుకునేదాన్ని కాదు. తప్పు మీద ఒక్క గీత గీసి, అది కనబడేలా ఉంచి, కింద మళ్ళీ చేయమనేదాన్ని.

పుంగనూరులో మా చర్చి సంఘం నడిపే ఆడపిల్లల హాస్టల్ ఉంది. దాని కమిటీలో నేనొకదాన్ని. ఆఫీసు పనికి సుగుణ అనే అమ్మాయిని పెట్టుకున్నాం. బాగా చేస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నాం. ఆ మాట నమ్ముకుని, కళ్ళు సరిగా కనబడని తల్లిని సదుం నుంచి తీసుకొచ్చి, హాస్టల్ పక్కనే అద్దె గదిలో దిగింది.

ఎవరో దాత ఆఫీసుకు లాప్‌టాప్ ఇచ్చారు. మా స్త్రీల సమాజంలో ఒక అలవాటుంది. బైబిలుకు, పాటల పుస్తకానికి, కానుకల పెట్టెకు, దేనికైనా గుడ్డ తొడుగు కుడతాం. లాప్‌టాప్‌కు నేను సంచి కుట్టాను. లోపల దూది పొర, పైన ఎర్ర దారంతో ఒక బైబిలు వాక్యం. మూత టక్కున అతుక్కోవాలని నా పాత హ్యాండ్‌బ్యాగు నుంచి అయస్కాంతపు గుండీలు విప్పి కుట్టాను. పాస్టరుగారు ప్రార్థన చేసి మరీ అందించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను సుగుణకు గట్టిగా చెప్పాను: "అడుగున గీతలు పడతాయి. సంచి మడిచి కింద వేయకుండా దీన్ని బల్ల మీద పెట్టొద్దు."

ఆ తరువాత లాప్‌టాప్ ఒకరోజు లేస్తే ఒకరోజు లేచేది కాదు. మీట నొక్కితే చిన్న దీపం వెలిగి ఆరేది. తెర నల్లగానే ఉండేది. ఛార్జర్ మార్చారు. ప్లగ్గు మార్చారు. సుగుణ దాన్ని బస్సులో మదనపల్లెకు మోసుకెళ్ళేది. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. రిపేరు షాపతను సంచిలోంచి తీసి, తన బల్ల మీద పెట్టి నొక్కగానే లేచింది.

"ఏమ్మా, ఈడ బాగా లేస్తాండాది గదా! యాల మాటిమాటికీ మోసుకొస్తాండావు?"

"నిన్ను సూస్తే లేస్తాదిలేన్నా. మా ఆఫీసులో నా మొగం సూసి పండుకుంటాది," అని సుగుణ నవ్వింది.

అతను దాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి ఇచ్చాడు. పుంగనూరు చేరాక సుగుణ సంచి మడిచి కింద వేసి నొక్కింది. లేవలేదు.

హాస్టల్ పిల్లల పేర్లు స్కాలర్‌షిప్పుకు పంపాల్సిన చివరి రోజున కూడా అది లేవలేదు. గడువు దాటింది. కమిటీ కూర్చుంది. "ఈయమ్మి సెయ్యి పడితే రోకలిబండ గూడా రిపేరుకొస్తాది," అంది వార్డెను. నవ్వారు. నేనూ నవ్వాను. ఆపైన అన్నాను, ఆ అమ్మాయి లాప్‌టాప్ పక్కనే టీ గ్లాసు పెట్టుకుంటుంది, దాని మీద ఒలకబోసి ఉంటుంది, నేను చూశాను అని. చూసింది గ్లాసును. ఒలకడం చూడలేదు. యంత్రాన్ని నిర్లక్ష్యంగా వాడిందని తేల్చారు. నెలాఖరుకు మానిపించాలని, అంతవరకు ఆమె దాన్ని ముట్టకూడదని నిర్ణయించారు.

మర్నాడు పొద్దున సుగుణ రాకముందే ఆఫీసుకు వెళ్ళాను. లాప్‌టాప్ కమిటీ వాళ్ళు చూసి వదిలేసినట్టే ఉత్త బల్ల మీద ఉంది, సంచి పక్కన ఉంది. నొక్కితే లేచింది. గీతలు పడతాయని కొంచెం ఎత్తి, మడిచిన సంచిని కిందికి తోశాను. తెర ఆరిపోయింది. సంచి లాగి నొక్కాను. వెలిగింది. మళ్ళీ తోశాను. ఆరింది. సంచిని తిప్పి మడిచి పెడితే ఏమీ కాలేదు. గుండీ ఉన్న అంచు ఒక మూల కిందికి వస్తేనే ఆరేది. మూత మూశారో లేదో కనిపెట్టడానికి దాని లోపల అయస్కాంతాన్ని పసిగట్టే ఏర్పాటు ఉంటుందని తరువాత ఎవరో చెబితే తెలిసింది. నా గుండీ దగ్గరికి వస్తే మూత మూశారనుకుని పడుకునేది. ఆ ఉదయం అదంతా తెలియకపోయినా, తప్పు ఎక్కడుందో తెలిసింది. ఆ అమ్మాయి నా మాట వినడమే దాని జబ్బు.

అక్కడే కత్తెరతో గుండీలు కోసేశాను. ఇంటికెళ్ళి వాటి చోట నాడాలు కుట్టాను. ఆమె నెల ఇంకా పూర్తి కాలేదు. ఒక్క మాట చాలు. ఎందుకు అనలేదు? చప్పట్లు కొట్టించుకున్న సంచి గనకనా? టీ సంగతి అబద్ధమని తేలుతుందనా? జవాబు ఏదైనా, దాన్ని తాకాలంటే నాకే ఒళ్ళు జలదరిస్తుంది. పిల్లలను చింపనివ్వని నేను, నా కాగితం చింపేశాను.

ఇంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆ ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేళ్ళను లేచి అందరికీ చెప్పే సాక్ష్యాల సమయం వచ్చింది. లాప్‌టాప్ రోజూ లేస్తోంది, అందరికీ తెలుసు. లేచి చెప్పండి టీచరమ్మా అన్నారు. లేచాను. మా సమాజం మొర విని దేవుడు ఆ యంత్రాన్ని బాగుచేశాడని సాక్ష్యం ఇచ్చాను. అందరూ స్తోత్రం అన్నారు. నా నోట్లో విరిగిన పాల రుచి. నా పాడు పనిని దేవుని చేతిలో పెట్టి, అందరి చేతా స్తోత్రం అనిపించాను.

సుగుణ వెనక వరుసలో ఉంది. బయట చెప్పులు విడిచిన చోట నా కోసం ఆగింది.

"టీచరమ్మా, మిషను బాగా లేస్తాండాదంట గదా."

"లేస్తోంది."

"నేనేం తప్పు సేసినానమ్మా? పెట్టినప్పుడల్లా మీరు సెప్పినట్టే సంచి కిందేసే పెట్టినా. ఒక్కసారి గూడా మరస్లేదు."

"దేవుని పనులు మనకేం తెలుస్తాయమ్మా? ప్రార్థన చేసుకో."

తల ఊపింది. వంగి, నా చెప్పులు నా వైపు తిప్పి పెట్టింది. నేను తొడుక్కున్నాను. ఇంటికొచ్చి చేతులు సబ్బుతో కడుక్కున్నాను. కాళ్ళు కూడా. ఆ ఆదివారం గడిలో ఏమీ రాయలేదు.

ఆ మధ్య పెళ్ళికని కుప్పం వెళ్ళాను. బట్టల దుకాణంలో చీరలు మడుస్తూ సుగుణ కనబడింది. యజమాని ఆమెను కంప్యూటర్లో బిల్లు కొట్టమన్నాడు. "దాని జోలికి నేను పోనప్పా. నా సెయ్యి మంచిది గాదు," అంది నవ్వుతూనే. మదనపల్లె షాపులో నవ్విన నవ్వు కాదది. నన్ను చూసి స్టూలు వేసింది, నీళ్ళిచ్చింది, మోకాళ్ళ నొప్పులెట్లున్నాయని అడిగింది. చెప్పడానికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది? నీళ్ళు తాగాను. చీర రంగు బాగుందన్నాను. బస్సెక్కాను.

ఆమె క్షమించినా నాకు అక్కరకు రాదు. అడిగే మొహమూ లేదు. ఆ రోజు చెప్పాల్సిన సాక్ష్యం మాత్రం ఇక్కడ రాస్తున్నాను. తప్పు మీద ఒక్క గీత, కింద మళ్ళీ చేసిన లెక్క.

సహోదరీ సహోదరులారా, ఆ యంత్రాన్ని పాడుచేసింది నేను కుట్టిన సంచి. టీ ఒలకలేదు. సుగుణ చెయ్యి మంచిది.

రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. వాసన పోలేదు. ఈసారి చివర స్తోత్రం అనడం లేదు.