ఖాళీ వదలని మార్కు

గోదావరిఖనిలో మార్కు ఉద్యోగ జీవితమంతా ఖాళీలు నింపడంలోనే గడిచిపోయింది. బొగ్గు తీసిన చోట భూమి లోపల మిగిలే గుల్లను అలాగే వదిలేస్తే పైకప్పు కూలుతుంది. అందుకని ఇసుకను నీళ్లలో కలిపి గొట్టాల గుండా కిందికి పంపి ఆ గుల్లను నింపుతారు. ఇసుక పక్కకు జారిపోకుండా దుంగలు నిలిపి, వాటికి గోనెపట్టా బిగిస్తారు. ఆ పట్టాకు వేలు పట్టేంత చిల్లు పడినా వెనకనున్న ఇసుకంతా మనిషి మీదికి వస్తుంది. చిల్లును వెతకడం, కనబడగానే మూయడం, ఇదే మార్కు పని. అందులో అతనికి మంచి పేరుండేది. మనిషి ఉద్యోగం నుంచి దిగిపోయాడు గాని ఆ చూపు దిగిపోలేదు. గోడలో మేకు పీకిన గుంత, తలుపు కింద సందు, ఏదీ అతని చేతిలో బతికేది కాదు. భార్య సాయమ్మ దోసె పోస్తే, దాని మీద పడిన చిల్లులన్నిటినీ గరిటెతో పిండి తెచ్చి పూడ్చేవాడు. ఆ ఇంట్లో దోసె అన్నది చూసి చాలా కాలమైంది. తినేది దోసె పేరు పెట్టుకున్న రొట్టె.

ఇలాంటి మనిషి లేసు అల్లుతానన్నాడు.

దానికి కారణం మనవరాలు క్రిస్టినా. పెద్దపల్లిలో ఒక మందుల దుకాణంలో పనిచేస్తున్న ఆ పిల్లకు పెండ్లి కుదిరింది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, పెండ్లినాడు వేసుకోవాలని మనసుపడ్డ మేలిముసుగును ఫోనులో చూపించింది. ఐర్లాండు దేశపు క్రోషియా లేసు అది. తెల్లటి గులాబీలు, ఆకులు గాలిలో తేలుతున్నట్టుండి, వాటిని కలుపుతూ వల లాంటి సన్నని జాలీ. ధర చూసిన సాయమ్మ ఫోనును బల్ల మీద బోర్లా పెట్టింది.

"దారమే గద బిడ్డా. నేనల్లుత," అన్నాడు మార్కు.

"నువ్వా తాతా?"

"ఏం, నాకు చేతుల్లేవా?"

"ఉన్నయి. గదే నా భయం," అన్నది సాయమ్మ.

క్రిస్టినా మాత్రం నవ్వలేదు. "నువ్వు అల్లితే గదే ఏసుకుంట తాతా. కాకుంటె కొంగు కప్పుకోని పోత. వేరేది కొనేది లేదు," అన్నది. ఆ పిల్ల మాటంటే మాటే. తన నోటి తొందర వల్ల మనవరాలి నెత్తి మీది ముసుగు ఇప్పుడు తన పూచీ అయిందని మార్కుకు అప్పుడు తెలిసింది.

గురువు వెనక వరుస క్వార్టర్‌లోనే దొరికింది. సర్వరీ బేగం, అదే గనిలో పంపు నడిపిన గులాం అలీ భార్య. చిన్ననాటి నుంచి క్రోషియా సూదితో నమాజు టోపీలు అల్లిన చెయ్యి ఆమెది. ఐర్లాండు పద్ధతి ఆమెకు కొత్త. అయినా ఫోనులో నాలుగు వీడియోలు చూసి, ఆ భాష అర్థం కాకున్నా ఆ వేళ్లను అర్థం చేసుకుంది. ఆమె ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు.

"చేతులు కడుక్కో అన్నా," అన్నది మొదటి రోజు.

"కడుక్కున్న చెల్లె."

"మళ్ల కడుగు. నువ్వు రిటైరైనవ్ గని, నీ గోళ్లల్ల బొగ్గు ఇంక డ్యూటీలనే ఉన్నది."

ఈ లేసును ఒక కొస నుంచి ఇంకో కొస దాకా అల్లుకుంటూ పోరు. మొదట పువ్వులు, ఆకులు విడివిడిగా చేస్తారు. పెన్సిలుకు దారం చుట్టి రింగు చేసి, ఆ చుట్టను లోపల దాచిపెడుతూ పైన దగ్గరదగ్గరగా కుట్లు వేస్తే పువ్వు ఉబ్బి లేస్తుంది. అన్నీ తయారయ్యాక వాటిని ఒక గుడ్డ మీద బోర్లించి టాకాలు, అంటే తాత్కాలికపు కుట్లు, వేసి నిలబెడతారు. అప్పుడు వాటి మధ్య జాలీ అల్లుతారు. చివరికి టాకాలు కత్తిరిస్తే గుడ్డ ఊడిపోయి లేసు మిగులుతుంది.

పువ్వుల వరకు మార్కుకు తిరుగులేదు. చుట్టలోపల ఖాళీ అన్నది లేకుండా బిగించి కుట్టడం అతని రక్తంలోనే ఉంది. ఆ గులాబీలు ఎంత గట్టివంటే, ఒకటి చేయి జారి గచ్చు మీద పడితే వంటింట్లోంచి సాయమ్మ "ఏం పలిగింది?" అని అడిగింది. సర్వరీ బేగం ఒక పువ్వును తిప్పి తిప్పి చూసి "పనికొస్తది" అన్నది. ఆ ఒక్క మాటను మార్కు వీధి వీధికీ తిప్పి వచ్చాడు.

చిక్కంతా జాలీ దగ్గర వచ్చింది. పువ్వుకూ పువ్వుకూ మధ్య గొలుసు వేయాలి, ఒక చిన్న ముడి వేయాలి, ఖాళీ వదలాలి. మార్కు గొలుసు వేశాడు, ముడి వేశాడు. ఖాళీ దగ్గరికి వచ్చేసరికి గని పైకప్పు గుర్తొచ్చి, అందులో ఇంకో గొలుసు వేశాడు. మిగిలిన సందులో మరొకటి. వారం తిరిగాక సర్వరీ బేగం వచ్చి దాన్ని కిటికీకి అడ్డం పట్టింది. గది చీకటైంది.

"అన్నా, గిది జాలీ గాదు. జంపఖానా."

"గట్టిగున్నదా లేదా చెప్పు చెల్లె."

"పెండ్లిపిల్ల మీద కప్పేది అన్నా! బొగ్గు లారీ మీద గాదు."

విప్పాడు, మళ్లీ అల్లాడు, మళ్లీ నింపాడు. కళ్లు మూసుకుని అల్లితే వేళ్లే చిల్లులను తడిమి మూశాయి. సాయమ్మ పక్కన కూర్చుని, ఖాళీ మీదికి సూది పోయినప్పుడల్లా అప్పడాల కర్రతో మోకాలి మీద కొట్టింది. మోకాలు వాచింది, జాలీ పూడింది. శూన్యం గురించి మన దేశంలో పెద్దలు గ్రంథాలకు గ్రంథాలు రాశారు. సమస్తానికీ శూన్యమే ఆధారమని వాదించి గెలిచినవారున్నారు. కాని వారిలో ఎవరికీ ఉద్యోగరీత్యా శూన్యం కింద నిలబడవలసిన అవసరం కలగలేదు. మార్కుకు కలిగింది. కనుక ఖాళీ కూడా వస్తువులో భాగమేనన్న సత్యం అతనికి బుద్ధిలో దిగింది గాని చేతిలోకి దిగలేదు. పెండ్లి దగ్గర పడుతోంది. క్రిస్టినా ఫోను చేసి "ఎంతల్ల ఉన్నది తాతా?" అంటే "గట్టిగనే ఉన్నది బిడ్డా" అని ఫోను పెట్టేసేవాడు.

అప్పుడొచ్చాడు బుచ్చన్న. సాయమ్మ తమ్ముడు. అతనూ అదే గనిలో పనిచేశాడు, అంటే హాజరు పట్టీలో పేరు ఉండేది. నాగాలు పెట్టడంలో అతన్ని మించినవాడు లేడు. డ్యూటీకి వచ్చిన రోజున పని పంచే సర్దారు కంగారుపడి, ఎవరైనా పోయారా అని అడిగేవాడట. ఇంటికి మొదలుపెట్టిన నీలం సున్నం భుజం ఎత్తు దాకా వచ్చి ఆగిపోయి ఏళ్లయింది. ఒకసారి క్షవరం మధ్యలో లేచి సినిమాకు పోయాడు. అలాంటి బామ్మర్ది అన్నం వేళకు వచ్చి, అక్క కూర దించేలోపు తోచక, గుడ్డ ముందు కూర్చుని సూది పట్టుకున్నాడు. ఇక్కడో గొలుసు, అక్కడో ముడి, మధ్యలో విసుగుపుట్టి వదిలేసి ఇంకో దిక్కు. అన్నం తిని వెళ్లిపోయాడు.

సాయంత్రం సర్వరీ బేగం వచ్చి గుడ్డ మీదికి వంగి చాలాసేపు లేవలేదు.

"ఎవరు చేసిన్రు గిది?"

బుచ్చన్నకు తిట్లు పడతాయన్న ఉత్సాహంతో మార్కు ముందుకొచ్చాడు. "మా బామ్మర్ది చెల్లె! ముట్టొద్దని చెప్తనే ఉన్న."

"సుభానల్లా! ఒక సందు లెక్క ఇంకో సందు లేదు. అసలు జాలీ అంటె గిట్లనే ఉండాలె. నాకు గూడ రాదు గిట్ల."

మార్కు మంచం మీద కూలబడ్డాడు. "వాడా? ఒక్క షిఫ్టు నిండ జెయ్యని మనిషి, నా మనవరాలి ముసుగు అల్లుతడా?"

"గందుకే అల్లుతడు," అన్నది సాయమ్మ.

మార్కు రెండు పూటలు అన్నం సరిగ్గా తినలేదు. మూడోపూట క్రిస్టినా స్వయంగా వచ్చి, మార్కు అల్లిన ముక్కను మొహం మీద వేసుకుని గదిలో నడిచి, బీరువాకు గుద్దుకుంది.

"తాతా, నాకు కనబడాలె. కనబడకుంటె పోయి పెండ్లికొడుకని పాస్టరయ్య పక్కన నిలబడుత. పువ్వులు నీయి, సందులు బుచ్చన్న తాతయి. ఏమంటవ్?"

పిల్ల నుదుటి మీద లేస్తున్న బొప్పిని చూసి మార్కు లేచాడు. చెప్పులేసుకుని బామ్మర్ది ఇంటికి పోయాడు. బుచ్చన్న అరుగు మీద కూర్చుని, మొదలుపెట్టిన పేపరును మూడో పేజీలో వదిలేసి ఉన్నాడు.

"నేను రావాల్నా బావా? నన్నే?"

"నిన్నే."

"నాగ పెట్టుకోనిస్తవా మరి?"

మార్కు పండ్లు బిగించాడు. "పెట్టుకో."

"మధ్యల లేసి పోతె అడగొద్దు."

"నువ్వు మధ్యల లేసిపోవాల్ననే గదరా నా ఫికర్!"

జీవితంలో మొదటిసారి తన గుణానికి తగిన పని దొరికిన బుచ్చన్న వచ్చాడు, పోయాడు, రెండు రోజులు కనబడలేదు, మళ్లీ వచ్చాడు. అతను వదిలి పోయిన ప్రతిచోటా జాలీ అందంగా నిలిచింది. పక్కనే మార్కు తన చేతులను తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాడు. అది సర్వరీ బేగం ఆజ్ఞ. టాకాలు కత్తిరించే రోజున మాత్రం పెత్తనం తనే తీసుకుని, ఆధారం తీసేటప్పుడు కింద ఎవరూ ఉండకూడదంటూ అందరినీ గుమ్మం అవతల నిలబెట్టాడు. ఏమీ కూలలేదు. గుడ్డ ఊడివచ్చింది, గులాబీలు ఒకదాన్నొకటి పట్టుకుని గాలిలో నిలిచాయి. దాన్ని గొప్ప కళ అనడం తొందరపాటు. లేసు అనడం మాత్రం న్యాయమే.

పెండ్లినాటి ఉదయం ఇస్త్రీ చేసిన ముసుగును కుర్చీ మీద పరిచి అందరూ చాయ్ తాగడానికి పోయారు. అందరూ అంటే మార్కు తప్ప.

చర్చిలో క్రిస్టినా తల వంచి, కాస్త ఎడమకు వాల్చి, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. వరుని తరఫు ఆడవాళ్లు మెటికలు విరిచారు. "ఎంత నెమ్మది పిల్లనో సూడు, తల ఎత్తుతనే లేదు!" అన్నది ఒకామె. అత్తగారు కళ్లు తుడుచుకున్నది. క్రిస్టినా నెమ్మది సంగతి ఎరిగిన సాయమ్మ మాత్రం మెల్లగా భర్త వైపు తిరిగింది. మార్కు పైన తిరిగే ఫ్యానును చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఏం నింపినవ్?"

"ఏం లేదు. చిన్న ఆకు."

ప్రమాణాలయ్యాయి, ఆమెన్లు అయ్యాయి. బయట ఫొటోల కోసం అందరూ నిలబడుతుంటే పెండ్లికూతురు ముసుగు చేతపట్టుకుని తాత దగ్గరికి వచ్చింది.

"నా కుడికన్ను ముంగట ఏం పెట్టినవ్ తాతా? పెండ్లికొడుకు సగమే కనబడ్డడు."

"గాలి వస్తుండె బిడ్డా అక్కడ."

"గాలి రావాల్ననే గద!" కొప్పులోంచి ఒక పిన్ను లాగి అతని చేతిలో పెట్టింది. "తియ్యి. ఫొటోలకు మళ్ల ఏసుకోవాలె."

చుట్టాలందరి నడుమ, కొత్త చొక్కాతో, మార్కు చర్చి మెట్టు మీద కూర్చున్నాడు. పిన్ను మొనతో ఒక్కొక్క కుట్టునూ విప్పాడు. ఆకు దారమైంది, దారం ఊడి ఒడిలో పడింది, దాని చోట చిల్లు తెరుచుకుంది. చిల్లు తెరిచి వదలడం అతనికి ఇదే మొదలు. కాసేపు దాన్ని చూశాడు. మూయడానికి కుడిచెయ్యి కదలబోయింది, ఎడమచేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని, ముసుగును మోచేతులతో మనవరాలి వైపు నెట్టాడు.

"జల్ది తీస్కపో బిడ్డా," అన్నాడు. "నా చేతికి అందకుంట తీస్కపో."