భావనపాడు ఒడ్డున నా స్వింగు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదైనా ఉంటే, అది నాకేమీ తెలియదన్న సంగతొక్కటే. కొత్త ఉద్యోగం, కొత్త పెళ్ళి ఒకేసారి వచ్చిన మనిషి నేల మీద నడవడు. ఎచ్చెర్ల దాటాక ఉన్న ఒక కంపెనీలో చేరాను. మా పెద్దాఫీసరు ఉత్తరాది మనిషి, ఆయనకి గోల్ఫ్ పిచ్చి. అదీ బంతిని గుంతలో వేసే ఆట కాదు, ఒక్క దెబ్బకి ఎంత దూరం పంపామన్నదే లెక్కైన లాంగ్ డ్రైవ్. ఆదివారం పూట కంపెనీ వెనక ఖాళీ జాగాలో ఆయన కొడుతుంటే నేను పక్కన నిలబడి "వహ్వా" అనేవాణ్ణి. (చిన్న ఉద్యోగికి అంతకంటే పెద్ద డ్యూటీ ఏముంటుంది?) నా వహ్వాలకి మెచ్చి తన పాత కర్రొకటి ఇచ్చి, స్వింగు మీద, అంటే కర్ర ఊపే తీరు మీద, పాఠం కూడా చెప్పారు. "బలం చూపించకు. ముందు నడుం తిరగాలి, వెనకే భుజం, ఆఖర్న చేతులు. కర్రని కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో. వేగం దానంతటదే వస్తుంది." నేను బుద్ధిగా తలూపేవాణ్ణి. ఆ ఆటలో నాకు మెత్తగా వచ్చిన ఊపు అదొక్కటే.

మా ఆవిడది భావనపాడు. కలిసి చదువుకుని, ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. మాది మెట్ట వ్యవసాయం, వాళ్ళది సముద్రం మీద వేట. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్న, అంటే మా మావ, నా చేతులు చూసి "ఏటమ్మా ఈ సేతులు, మినప్పిండిలాగున్నాయి" అన్నాడట. మా ఆవిడ నవ్వుతూనే చెప్పింది గానీ నాకు ముల్లు దిగినట్టయింది. ఆ ఊళ్ళో ఆయన మాటంటే మాటే. ఎలాగైనా ఆయన చేత మగాణ్ణనిపించుకోవాలని పంతం పట్టాను. అందుకే మొదటిసారి అత్తారింటికి వెళ్తూ బట్టల సంచీతో పాటు ఆ కర్ర కూడా మోసుకెళ్ళాను. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

వాకిట్లో కర్ర చూసి మా అత్త "ఏటి బాబూ ఇది, పాములు కొట్టీదా?" అంది. నేను గొంతు సవరించుకుని ఆట సంగతి చెప్పాను. మావ శ్రద్ధగా విన్నాడు. "బంతి అంత దూరం కొట్టీసినాక ఎవులు తెస్తారు బాబుగారూ?" అన్నాడు. ఎవరూ తేనక్కర్లేదు, ఎంత దూరం పోతే అంత గొప్ప అన్నాను. "తేనప్పుడు మరి కొట్టడమెందుకూ?" అన్నాడు. (దానికి జవాబు ఈ రోజుకీ దొరకలేదు.) సాయంత్రం ఒడ్డు మీద చూపిస్తానని గొప్పగా ప్రకటించి లేచిపోయాను.

సాయంత్రానికి కబురు ఊరంతా పాకింది. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు కూడా పని ఆపి వచ్చారు. నేను బయల్దేరబోతే అత్త ఆపింది. "సముద్రం కాడికి కొత్త వస్తువు ఉత్తినే ఎల్లకూడదు బాబూ, పడవైనా వలైనా పసుపూ కుంకం పడాల్సిందే" అని కర్రకి పూజ మొదలెట్టింది. పసుపులో నూనె కలిపి, పడవ కొమ్ముకి రాసినంత భక్తిగా, సరిగ్గా చేత్తో పట్టుకునే రబ్బరు మీదే పూసింది. బొట్లు పెట్టి, వేపమండ కట్టి, కొబ్బరికాయ కొట్టింది. మా ఆవిడ నా చెవిలో "తుడిచెయ్యండి, జారిపోతాది" అంది. "మీ అమ్మ ఏమనుకుంటుంది" అన్నాను పెద్దమనిషిలా. నిజానికి నూనె ఉన్నా జారనివ్వని నా పిడికిలి బిగువు మావకి చూపించాలని ఆరాటం.

ఇసకలో చిన్న పుల్ల గుచ్చి, దాని మీద బంతి పెట్టి, సముద్రం వైపు నిలబడ్డాను. "అండమాన్లో పడాల బాబూ!" అని ఎవరో అరిచారు. అంతే, నడుమూ భుజమూ కోడిపిల్లా అన్నీ సముద్రంలో కలిసిపోయాయి. పళ్ళు బిగబట్టి, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి ఊపాను. చేతులు గిర్రున తిరిగాయి గానీ చేతుల్లో ఏమీ లేదు. కర్ర వేపమండతో సహా లేచి, పడవల మీదుగా పోయి నీళ్ళలో పడింది. బంతి పుల్ల మీదే ఉంది.

అంతలో మావ గట్టిగా చప్పట్లు కొట్టాడు. "అబ్బో, ఎంత దూరమెల్లిపోనాదో!" ఆయన కొడితే ఊరు ఊరుకుంటుందా? అందరూ కొట్టారు. ఆటంటే అదేనేమో అనుకున్నారు పాపం. ఒక ముసలమ్మ మాత్రం దగ్గరికొచ్చి "కర్ర బాగెల్లింది బాబూ, మరి ఆ బంతెందుకు?" అని అడిగింది. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. మింగలేదు. నోరు ఊరుకోక, "అది గుర్తు కోసం మామ్మా, ఎక్కణ్ణించి విసిరామో తెలియాలి కదా" అన్నాను. మా ఆవిడ పైటకొంగు నోటికడ్డం పెట్టుకుని, నా వైపు చూడకుండా ఇంటికి నడిచింది. కుర్రాళ్ళు తెడ్లు తెచ్చి నాలాగే విసరడం మొదలుపెట్టారు. నాకన్నా దూరమే విసిరారు.

ఆ పూట పులుసన్నం తలొంచుకుని తిన్నాను. ఒక్కరు నవ్వినా కాస్త తేలికపడేవాణ్ణి. ఎవరూ నవ్వలేదు. అత్త అయితే అల్లుడికి దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది.

మర్నాడు పొద్దున్న మావ తడిబట్టలతో వచ్చి, కర్రని నా పక్కన గోడకి ఆనించాడు. పోటు తగ్గాక దిగి వెతికాడట. నేను తలెత్తలేకపోయాను. ఆయన అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. "బంతి కదల్లేదని నాను సూణ్ణేదనుకున్నావేటి అల్లుడా?" అన్నాడు. అన్నాళ్ళూ బాబుగారూ, మీరూ అన్న మనిషి! "మరి చప్పట్లెందుకు కొట్టావు మావా?" అన్నాను నేలచూపులతో. "నాను కొట్టకపోతే ఆళ్ళు నవ్వుదురు. మా ఇంటి మనిషిని సూసి ఊరు నవ్వుతుంటే నాను సూస్తూ ఉండాలేటి?" అని బీడీ దులిపి లోపలికెళ్ళాడు.

ఇప్పుడు నాకు స్వింగు బాగానే వచ్చు. నడుం, భుజం, చేతులు వరసలో కదులుతాయి, బంతి చక్కగా పోతుంది. చూసినవాళ్ళు చప్పట్లు కొడితే మాత్రం నాకు తల వంగిపోతుంది. పళ్ళు బిగించి నిలబడ్డ ఆ కుర్రాడు కళ్ళ ముందుకొస్తాడు. సిగ్గు పడుతూనే, వాడి మీద కాస్త జాలిపడి నవ్వుకుంటాను. వాడు గెలవాలనుకున్న మనిషి అప్పటికే వాడి పక్షాన నిలబడి ఉన్నాడని వెధవకి తెలియదు.