ఖాళీ అన్న మాట

మొన్న మా ఆవిడ పాత కుట్టుమిషను అటక మీంచి దింపించింది. బాగుచేయడానికి వచ్చిన మనిషి వరండాలో కూర్చుని, దాని కడుపు విప్పి కిరసనాయిలుతో కడిగి, సన్న ముక్కు ఉన్న డబ్బాతో నూనె చుక్కలు వేస్తున్నాడు. నేను లోపల పేపరు చదువుకుంటున్నాను. ఆ వాసన గుమ్మం దాటి వచ్చాక ఒక్క అక్షరం బుర్రకెక్కలేదు. "ఎంతసేపు ఒకే పేజి సూస్తవు, ఎవరన్న పోయిండ్రా" అంది మా ఆవిడ. పోయిన మనిషే గుర్తొచ్చాడు మరి. దుబాయ్‌లో, డేరా అనే పేటలో ఒక ఇరుకు వీధి, ఏసీ పెట్టె కింద బల్ల, బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ, దాని మీదికి వంగి కూర్చున్న యేసుపాదం గారు. ఆయన గురించి నేను చాలామందికి చెప్పాను. చెప్పినప్పుడల్లా ఒక ముక్క దాచుకునే చెప్పాను.

ఆయనది కోనసీమ. సైన్యంలో ఇరవై ఏళ్ళకు పైగా తుపాకులు బాగుచేసి, పదవీ విరమణ చేశాక ఎవరో పిలిస్తే దుబాయ్ వచ్చారు. ఆ దుకాణంలో వేటకు కావలసినవన్నీ దొరికేవి. డేగలకు తొడిగే తోలు టోపీలు, గుడారాలు, దుర్భిణులు, వేట తుపాకులు. పోలీసుల అనుమతి కాగితం తెచ్చుకున్నవాళ్ళకు చిన్న పిస్తోళ్ళు కూడా అమ్మేవాళ్ళం. నేను జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఎనభైల మొదట్లో వెళ్ళి, రెండేళ్ళు సైటులో సిమెంటు మోసి, టైపు వచ్చిన పుణ్యాన అక్కడ గుమాస్తాగా చేరాను. అనుమతి కాగితాలు టైపు చేసి పోలీసు కచేరీకి తీసుకెళ్ళడం నా పని. తుపాకి ముట్టుకునే హక్కు దుకాణంలో పాదం గారొక్కరికే ఉండేది. అది ఆయన పేరు మీద పోలీసులిచ్చిన కాగితం. ఇంకెవరు ముట్టుకున్నా జైలే. అయినా, ఊరికే కూర్చోలేని నా చేతులు చూసి ఆయన చాటుగా నాకు తుడవడం నేర్పారు. దొంగచాటు చదువు కాబట్టి నాకు తొందరగానే వచ్చింది.

మొదటి పాఠం తుపాకి గురించి కాదు, మాట గురించి. పిస్తోలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయేటప్పుడు ఇచ్చేవాడు పైభాగం వెనక్కి లాగి, లోపలి అరలో తూటా లేదని చూపించి "ఖాళీ" అనాలి. తీసుకునేవాడు తానూ చూసుకుని "చూశా" అనాలి. అంతవరకూ ఇద్దరి చేతులూ దాని మీదే ఉండాలి.

"ఇంకో మాట అనకూడదయ్యా రాజేశం," అన్నారు ఆ రోజు. "ఈ మాట మనకీ తెలుసు, హిందీ వోళ్ళకీ తెలుసు, అరబ్బోళ్ళకీ ఇదే మాట. మూడు భాషల్లోనూ ఒకటే అర్థం. అందుకే ఏరుకున్నాను దీన్ని."

"చూసిన సార్, ఖాళీనే ఉంది" అన్నాను పిస్తోలు అందిస్తూ.

"కంటితో చూసేవా, వేలితో చూసేవా?"

"కంటితోనే సార్."

"వేలు కూడా పెట్టి చూడు. కన్ను అలవాటైపోయినదాన్ని చూడదు."

నవ్వొచ్చింది నాకు. ఇంత చదస్తమా అనుకున్నాను. వేలు పెట్టి చూశాను, ఆయన కోసం.

చిన్న పిస్తోలు కొనడానికి వచ్చేవాళ్ళందరికీ దాదాపు ఒకటే కోరిక. చొక్కా కింద ఎవరికీ కనబడకుండా ఉండాలి, సెలవు రోజున గురి చూసి కొట్టుకోవడానికీ పనికిరావాలి. పాదం గారు వాళ్ళ చేతిని బల్ల మీద చాపించి వేళ్ళ పొడవు చూసేవారు. రోజూ ఏ బట్టలు వేసుకుంటారు, కారులో ఎక్కువసేపు కూర్చుంటారా, ఇంట్లో పిల్లలున్నారా అని అడిగేవారు. చివరికి తన సైన్యపు హిందీలో "డర్ కిస్ కా హై సాబ్?" అనేవారు. ఎవరంటే భయం అని. కొందరికి కోపం వచ్చేది. కొందరు తల దించుకునేవారు. ఆ తరువాత ఆయన సొరుగులోంచి ఒక చెక్క దిమ్మ తీసి చేతిలో పెట్టేవారు. పిస్తోలు ఆకారంలో ఆయనే చెక్కి, లోపల సీసం పోసి, అసలు దానితో సరితూగేలా చేసినది. వారం రోజులు నడుముకు కట్టుకుని తిరిగి రండి, అప్పుడు మాట్లాడదాం అనేవారు.

ఒకసారి ఏదో కంపెనీ మేనేజరు వచ్చి, అరచేతిలో ఇమిడిపోయేది కావాలన్నాడు. చిన్నదయ్యేకొద్దీ చేతిలో ఎగిరిపడుతుందని, దాచుకోవడానికి బాగుండేది గురికి పనికిరాదని పాదం గారు చెప్పి చూశారు. వినలేదు. దిమ్మ పట్టుకుపోయాడు. వారం తరువాత వచ్చి, నాలుగు రోజులు దాన్ని ఇంట్లోనే మరిచిపోయానని నవ్వుతూ చెప్పాడు. పిస్తోలైతే ఎక్కడ మరిచిపోయేవారు అని పాదం గారు అడిగారు. అతను దిమ్మ బల్ల మీద పెట్టి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడు. గాజుగదిలోంచి చూస్తున్న ముదీర్ బయటికి వచ్చాడు. దుకాణం నడిపేది ఆయనే.

"పాదం, యల్లా, యే లక్డీ ఖలాస్ కరో. గాహక్ కో పిస్తోల్ దో" అని కేకలేశాడు. ఈ చెక్కల వ్యవహారం చాలించి, వచ్చినవాడికి పిస్తోలు ఇవ్వమని.

ఆయన లోపలికి పోయాక నేను అడిగాను. "గిట్ల అందర్ని ఎల్లగొడితె మనకేమొస్తది సార్?"

"కొన్నోడు మళ్ళీ కనపడడయ్యా. దాంతో ఏం చేసుకున్నాడో నాకెలా తెలుస్తాది? ఈ వారం రోజులే నా చేతిలో ఉన్నాయి" అన్నారు, గుడ్డ మడత పెడుతూ.

ఆ తరువాత ఒక బట్టల సేఠ్ వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఎవరంటే భయం అని అడిగితే కోపగించుకోలేదు. తన ఇంట్లో ఎవరో చొరబడి తనను కట్టేసి కొట్టారని, అప్పటి నుంచి చేతులు వణుకుతున్నాయని హిందీలో నెమ్మదిగా చెప్పాడు. కోటు కింద పెట్టుకోవాలి, వారం వారం గురి నేర్చుకోవాలి, అలాగైనా వణుకు పోతుందేమోనని ఆయన ఆశ. వారం తిరిగాక దిమ్మ తెచ్చి ఇచ్చాడు. దాని అంచులు నున్నగా మెరుస్తున్నాయి. ఆయన వెళ్ళాక పాదం గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతలా పట్టుకుని కూర్చున్నాడంటే ఇతనికి ఇవ్వకూడదయ్యా" అన్నారు. ముదీర్ ఒప్పుకోలేదు. కాగితం ఉంది, మనిషి ఉన్నాడు, అమ్మాల్సిందే అన్నాడు. పాదం గారు మూడు రోజులు వెతికి, మరీ చిన్నదీ మరీ పెద్దదీ కాని పిస్తోలు ఒకటి తీశారు. దాని ట్రిగ్గర్ బాగా గట్టిది. వణికే వేలికి అది తొందరగా లొంగదని ఆయన లెక్క.

గురువారం పొద్దున ఊరి చివర అల్ కుసైస్ అవతలికి వెళ్ళాం. అప్పుడక్కడ ఇసుక తప్ప ఏమీ ఉండేది కాదు. అనుమతి తీసుకుని ఇసుక బస్తాలు పేర్చిన చోటు ఒకటి మా దుకాణానికి ఉండేది. పాదం గారు సేఠ్‌కు నిలబడే తీరు చూపించారు. ఖాళీ పిస్తోలుతో పదిసార్లు ట్రిగ్గర్ లాగి ఆ గట్టిదనం వేలికి అలవాటు చేసుకోవాలని, అది తరువాత నేర్పుతానని చెప్పారు. సేఠ్ నాలుగు తూటాలు కాల్చాడు. అయిదోసారి ఇసుక పడిందో ఏమో పిస్తోలు పట్టేసింది. పాదం గారు దాన్ని తీసుకుని అక్కడున్న బల్ల మీద పెట్టి, గురి కాగితం మార్చడానికి బస్తాల వైపు నడిచారు.

ఆయనకు పని తప్పిద్దామనుకున్నాను. నాకూ వచ్చని సేఠ్ ముందు చూపించుకోవాలనీ ఉంది, అబద్ధమెందుకు. పిస్తోలు తీసుకుని తూటాల మేగజీన్ బయటికి లాగాను. గుడ్డతో ఇసుకంతా తుడిస్తే పట్టేసిన పైభాగం కదిలి సర్దుకుంది. లోపలి అరలో ఒక తూటా మిగిలి ఉండొచ్చని నాకు తెలుసు. కంటితో చూడలేదు, వేలితోనూ చూడలేదు. తుడవడం అయిపోయింది కదా, సేఠ్ చేతికి ఇస్తూ "ఖలాస్ సేఠ్" అన్నాను.

మేముండే రూముల్లో ఆ మాట లేకుండా పూట గడవదు. అన్నం అయిపోతే ఖలాస్, డ్యూటీ అయిపోతే ఖలాస్, వీసా పోతే ఖలాస్, మనిషి పోయినా ఖలాసే. పని అయిపోయిందని నేనన్నాను. తూటాలు అయిపోయాయని సేఠ్ విన్నాడు. పాదం గారు చెప్పినట్టు ట్రిగ్గర్ అలవాటు చేసుకుందామని వేలు పెట్టి, "ఐసా హీ నా?" అని, ఇలాగేనా అని అడగడానికి, తిరిగి వస్తున్న ఆయన వైపే తిరిగాడు. పాదం గారు రెండంగల్లో వచ్చి గొట్టాన్ని అరచేత్తో కిందికి తోశారు. అది పేలింది.

సేఠ్ ఇసుకలో కూలబడి ఏడుస్తున్నాడు. నేను నా చొక్కా చింపి, తూటా దూసుకుపోయిన పాదం గారి కుడిచేతికి చుట్టాను. ఆయన నా మొహం చూస్తూ తెలుగులో, చాలా మామూలుగా మాట్లాడారు.

"నువ్వు బండి కాడ ఉన్నావు. ఇటు రాలేదు. అర్థమయ్యిందా?"

"లేదు సార్, నేనే ఇచ్చిన గద సార్."

"ముట్టుకున్నానన్నావంటే లోపలేసేస్తారు నిన్ను. బండి కాడ ఉన్నావు."

పోలీసులు వచ్చారు. తానే ఇచ్చానని, చూసుకోకుండా ఇచ్చానని పాదం గారు చెప్పారు. ఎవరి చేతి నుంచి తీసుకున్నాడో సేఠ్‌కు గుర్తే లేదు. ఆఫీసరు నా వైపు తిరిగి హిందీలో, నువ్వెక్కడున్నావని అడిగాడు. "గాడీ కే పాస్" అన్నాను. ఆ మూడు మాటలకు గొంతు కూడా వణకలేదు.

ఆసుపత్రికి వెళ్ళినప్పుడు నిజం చెప్పేస్తానన్నాను. "చెప్తే నా చెయ్యి బాగవుద్దా? ముట్టుకోమని నేర్పింది నేనే కదా, ఊరుకో" అన్నారు. కాసేపయ్యాక, "ఏ మాటన్నావురా ఆయనతో?" అని అడిగారు. అంతకుముందు ఎప్పుడూ నన్ను ఒరే అనలేదు. ఖలాస్ అన్నానని చెప్పాను. "ఊఁ" అని గోడ వైపు తిరిగి పడుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది. నెల తిరగకుండా ఆయన అనుమతీ వీసా రెండూ రద్దయ్యాయి, ఇంటికి పంపేశారు. నేను అదే దుకాణంలో ఇంకా పదకొండేళ్ళు పని చేశాను.

మధ్యలో ఒక సెలవులో వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆయన కుడిచేతి మూడు వేళ్ళు మడత పడవు. బొత్తాం పెట్టుకోవడానికి కూడా భార్య మార్తమ్మ గారే రావాలి. ఆవిడ చేపల కూర వడ్డిస్తూ నాతో చెప్పింది.

"తుపాకుల కాడ పుట్టి పెరిగినట్టు మాట్లాడేవోడు బాబూ. ఆకరికి ఎవరికో చూపించబోయి తన చేతిలో తనే పేల్చుకున్నాడంట. ఊళ్ళో పిల్లకాయలు కూడా నవ్వుతున్నారు. ఇంత అజాగర్త మనిషిని కట్టుకున్నానని నాకే సిగ్గేస్తాది."

అప్పుడు తెలిసింది, ఆయన ఇంట్లో కూడా చెప్పలేదని. జైలు భయం లేని చోట, కట్టుకున్న మనిషికి కూడా. ముద్ద కంచంలో పెట్టేశాను. "అమ్మా, అది..." అని మొదలుపెట్టాను. పాదం గారు ఎడమచేత్తో కూర గిన్నె నా వైపు జరిపారు.

"రాజేశానికి ఇంకో ముక్క వెయ్యవే. ఎడారిలో ఉండొచ్చాడు" అన్నారు. నేను తిన్నాను. రెండు ముక్కలు తిన్నాను.

ఆయన పోయారని తెలిసి ఆదరణ కూడికకు వెళ్ళాను. అప్పటికి నేను తిరిగి వచ్చేసి చాలాకాలమైంది. నన్ను జైల్లో వేసేవాళ్ళు ఎవరూ లేరు. ప్రార్థన అయ్యాక మార్తమ్మ గారు నా పక్కకు వచ్చి కూర్చుంది. "పోయే ముందు రోజు కూడా తిట్టేను బాబూ, ఆ చెయ్యి గురించే. గ్లాసు జారిపోయిందని. ఏమీ అనలేదు, నవ్వేడు" అంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే నేను చాప అంచు చూస్తూ కూర్చున్నాను. ఒక్క మాట చెబితే ఆవిడకు ఆయన తిరిగి దక్కేవాడు. నేను చెప్పలేదు. ఆవిడ ఏమనుకుంటుందోనని భయం. పాదం గారు నన్ను అడిగి ఉండవలసింది, ఎవరంటే భయమని.

కుట్టుమిషను వాసన వచ్చిన రోజు సాయంత్రం మా ఆవిడకు మొదటిసారి అంతా చెప్పాను. ఇదంతా రాయి, అచ్చయ్యాక మార్తమ్మకు ఒకటి పంపు అంది. పంపుతాను. ఆవిడ ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. మార్తమ్మ గారికి చదవడం రాదు. ఇదంతా నేను రాయగలిగింది ఆ సంగతి తెలిసే.